పిల్లవాడి చేతికి తుపాకి ఎలా వచ్చింది?

1998 మార్చి 24న అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం జోన్స్‌బరోలో ఇద్దరు పిల్లలు బడి ఎగ్గొట్టారు. ఒకడికి 13 ఏళ్లు, ఇంకొకడికి 11. చిన్నవాడి తండ్రి తన తుపాకుల్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. గ్యాస్ మంటతో దాన్ని కోయాలని పిల్లలు ప్రయత్నించారు. పెట్టె లొంగలేదు. కానీ పెట్టె బయట ఉండిపోయిన చిన్న తుపాకులు కొన్ని దొరికాయి. అవి తీసుకుని తాతగారింటికి వెళ్లి రైఫిళ్లు సంపాదించారు. ఆ మధ్యాహ్నం వెస్ట్‌సైడ్ మిడిల్ స్కూల్లో మంటల హెచ్చరిక గంట మోగింది. గంట విని బయటికి వచ్చిన పిల్లల మీద చెట్ల చాటునుంచి కాల్పులు జరిగాయి. నలుగురు ఆడపిల్లలు, ఒక టీచరు చనిపోయారు. పదిమంది గాయపడ్డారు.

ఈ ఘటన గురించి ఎప్పుడు చదివినా నా మనసు ఆ ఇనప్పెట్టె దగ్గరే ఆగిపోతుంది. ఆ పిల్లలు అంత పని ఎందుకు తలపెట్టారో పాతికేళ్లు దాటినా ఎవరూ తృప్తిగా చెప్పలేకపోయారు. పెట్టె మాత్రం తనలో ఉన్నవాటిని ఇవ్వలేదు. బయట ఉన్నవి దొరికాయి. ‘ఎందుకు చేశాడు’, ‘ఎలా చేయగలిగాడు’ అనేవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిదాని మీద పుస్తకాలు బోలెడు, గట్టి రుజువులు తక్కువ. రెండోదాని మీద మాటలు తక్కువ, రుజువులు ఎక్కువ. బడుల్లో కాల్పుల గురించి దొరుకుతున్న పరిశోధనను చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. ఆ రుజువులు ఎంతవరకు నిలుస్తాయో, ఎక్కడ సన్నగిల్లుతాయో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. కాల్చినవాళ్ల పేర్లు ఇందులో ఎక్కడా రాయలేదు. దానికి కారణం తర్వాత చెబుతాను.

ముందు లెక్క సంగతి తేల్చుకోవాలి. 2015-16 విద్యా సంవత్సరంలో దాదాపు 240 బడుల్లో కాల్పులు జరిగినట్టు అమెరికా విద్యాశాఖ సమాచారంలో నమోదైంది. నేషనల్ పబ్లిక్ రేడియో విలేకరులు ఆ బడులన్నిటినీ సంప్రదించి 2018లో తాము తెలుసుకున్నది ప్రకటించారు. వాళ్లు నిర్ధారించగలిగినవి 11. మూడింట రెండు వంతులకు పైగా చోట్ల అసలు అలాంటిదేమీ జరగలేదు. కొన్ని బడులు బదులివ్వలేదు. ఫారం నింపడంలో జరిగిన పొరపాట్లు ప్రభుత్వ గణాంకాలై కూర్చున్నాయి. ఇంకోవైపు ‘కె-12 స్కూల్ షూటింగ్ డేటాబేస్’ అనే పరిశోధకుల పట్టిక ఉంది. బడి ఆవరణలో ఎవరైనా తుపాకి చూపి బెదిరించినా, పేల్చినా, వీధిలోంచి ఒక తూటా వచ్చి బడి గోడకు తగిలినా అందులో చేరుతుంది. కాబట్టి దాని అంకె ఏడాదికి వందల్లో ఉంటుంది. విలేకరుల 11, ఈ పట్టిక వందలు రెండూ అబద్ధాలు కావు, కొలిచేవే వేరు. పత్రికలో ఒక పెద్ద అంకె కనిపించినప్పుడు దాని వెనక ఏ నిర్వచనం ఉందో చూడకుండా ఏ వాదమూ కట్టకూడదు.

నిర్వచనం ఏదైనా ఒక మాట మారదు. 5 నుంచి 18 ఏళ్ల పిల్లల హత్యల్లో బడిలోనో, బడికి సంబంధించిన చోటనో జరిగేవి 3 శాతం లోపేనని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. మరోపక్క, 2020 నాటికి 1 నుంచి 19 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు అక్కడ మొదటి కారణం తుపాకి. కారు ప్రమాదాలను అది దాటేసింది. అంటే తుపాకితో పోతున్న పిల్లల్లో అత్యధికులు పోతున్నది వీధిలో, ఇంట్లో, పడకగదిలో. బడి కాల్పులు ఆ పెద్ద విషాదంలో కళ్లకు కనబడే చిన్న ముక్క.

ఆ ముక్కలోనూ రెండు రకాలున్నాయి. అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే జవాబుదారీ కార్యాలయం 2020లో ఒక నివేదిక ఇచ్చింది. 2009-10 నుంచి పదేళ్లలో జరిగిన 318 ఘటనల్ని పరిశీలించింది. సుమారు సగం ఘటనల్లో కాల్చింది ఆ బడిలో చదువుతున్నవాళ్లో, అంతకుముందు చదివినవాళ్లో. తగాదాలు, పాత పగలు ముదిరి జరిగినవే ఎక్కువ. పేద పిల్లలు, నల్లజాతి తదితర అల్పసంఖ్యాక వర్గాల పిల్లలు ఎక్కువగా చదివే నగర బడుల్లో ఇలాంటివి ఎక్కువగా నమోదయ్యాయి. బడినే గురిగా పెట్టుకుని, పథకం వేసుకుని కాల్చిన ఘటనలు మాత్రం శివార్లలో, పల్లె ప్రాంతాల్లో, కాస్త కలిగినవాళ్ల బడుల్లో ఎక్కువ. ఎక్కువ ప్రాణాలు తీసినవీ అవే. టీవీ కెమెరాలు వెళ్లేది ఈ రెండో రకం దగ్గరికే. మొదటి రకానికి మూలాలు చుట్టుపక్కల వీధుల హింసలో, పేదరికంలో, చేతులు మారే అక్రమ తుపాకుల్లో ఉన్నాయి. దానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడినుంచి నేను మాట్లాడేది రెండో రకం గురించి.

1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో జరిగిన హత్యాకాండ తర్వాత దేశాధ్యక్షుడికి కాపలా కాసే సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి ఒక అధ్యయనం చేశాయి. 1974 నుంచి 2000 వరకు జరిగిన 37 దాడులను, వాటిలోని 41 మంది దాడిచేసినవాళ్లను తీసుకున్నారు. కోర్టు కాగితాలు, బడి రికార్డులు చదివారు. జైల్లో ఉన్న కొందరితో మాట్లాడారు. 2002లో వచ్చిన ఆ నివేదికలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఏమిటంటే, ‘ఇలాంటి పిల్లవాడు ఇలా ఉంటాడు’ అని గుర్తుపట్టే నమూనా ఏదీ లేదు. తల్లిదండ్రులిద్దరితో ఉన్నవాళ్లున్నారు, అనాథల్లా పెరిగినవాళ్లున్నారు. మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లున్నారు, తప్పినవాళ్లున్నారు. ఒంటరివాళ్లున్నారు, పదిమంది స్నేహితులున్నవాళ్లూ ఉన్నారు. అంతకు రెండేళ్ల ముందే ఎఫ్‌బీఐ కూడా, లక్షణాల చిట్టా చేతబట్టుకుని పిల్లల్ని ఏరడం ప్రమాదమని హెచ్చరించింది.

తోటివాళ్లు ఏడిపించడం వల్లే ఇలా తయారవుతారనేది అందరి నోటా వినిపించే వివరణ. ఆ అధ్యయనంలో 71 శాతం మంది వేధింపుకో, అవమానానికో గురైనట్టు తేలింది. కొట్టిపారేయదగ్గ సంఖ్య కాదు. కానీ అమెరికాలో 12 నుంచి 18 ఏళ్ల విద్యార్థుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు తమను బడిలో ఏడిపిస్తున్నారని సర్వేల్లో చెబుతున్నారు. అంటే లక్షల మంది. వాళ్లలో తుపాకి పట్టేది ఏ ఒక్కరో. ఇంత సాధారణమైన బాధ అంత అరుదైన నేరాన్ని తనంతట తానే వివరించలేదు. కొలంబైన్ సంగతే చూడండి. ఏడిపించిన క్రీడాకారుల మీద పగతో, నల్లకోట్ల ముఠా చేసిన పని అని మొదటివారం పత్రికలు రాశాయి. పదేళ్లు ఆ కేసు మీదే పనిచేసిన పాత్రికేయుడు డేవ్ కల్లెన్ 2009లో తన పుస్తకంలో ఆ కథ చాలావరకు నిలవదని చూపించాడు. అసలు పథకం భోజనశాలను బాంబులతో పేల్చడం. బాంబులు పేలలేదు కాబట్టి అది ‘కాల్పుల ఘటన’ అయింది. ఆ ఇద్దరిలో ఒకడు కరడుగట్టినవాడని, రెండోవాడు లోలోపల చావు కోరుకుంటున్నవాడని కల్లెన్ అభిప్రాయం. ఒకే నేరంలో పక్కపక్కన నిలబడిన ఇద్దరికే ఒక కారణం సరిపోనప్పుడు, దేశం మొత్తానికి ఒకటి వెతకడం ఎలా?

మానసిక వ్యాధి సంగతి మరీ జాగ్రత్తగా మాట్లాడవలసినది. అమెరికాలో మొత్తం హింసలో తీవ్రమైన మానసిక వ్యాధులకు ముడిపెట్టగలిగింది సుమారు 4 శాతమేనని ఆ రంగంలో ఏళ్లుగా పనిచేస్తున్న జెఫ్రీ స్వాన్‌సన్ బృందం లెక్క. ఆ రోగులు చంపడం కన్నా చావడం, దెబ్బలు తినడమే ఎక్కువ. అయితే సీక్రెట్ సర్వీస్ అధ్యయనంలోనే ఇంకో సంఖ్య ఉంది. దాడిచేసినవాళ్లలో 78 శాతం మంది అంతకుముందు ఆత్మహత్య గురించి ఆలోచించారు, లేదా ప్రయత్నించారు. జిలియన్ పీటర్‌సన్, జేమ్స్ డెన్స్‌లీ అనే ఇద్దరు పరిశోధకులు 1966 నుంచి జరిగిన సామూహిక కాల్పుల సమాచారం పోగుచేసి ఇదే మాట ఇంకా గట్టిగా అన్నారు. బడికి తుపాకి తీసుకెళ్లే పిల్లవాడు చాలాసార్లు తిరిగి రావాలనుకోని పిల్లవాడు. ఇది నిజమైతే, ‘చూస్తే కాల్చేస్తారు’ అనే భయం వాడిని ఆపదు. వ్యాధి పేరు వేరు, నిరాశ వేరు. మొదటిదానికి డాక్టరు కావాలి. రెండోదాన్ని ముందుగా పట్టుకోగలిగేది టీచరు, స్నేహితుడు, అమ్మ.

ఇక్కడే ఈ పరిశోధనలన్నిటికీ ఉన్న లోపం చెప్పుకోవాలి. ఇవి జరిగిపోయాక వెనక్కి తిరిగి చూసినవి. నేరం చేసినవాడి నోట్‌బుక్కులో ప్రతి గీతా తర్వాత అర్థవంతంగానే కనబడుతుంది. అలాంటి గీతలే గీసి, ఏ పనీ చేయకుండా పెద్దవాళ్లైపోయిన పిల్లల నోట్‌బుక్కులు ఎవరూ తెరిచి చూడలేదు. పోల్చడానికి రెండో గుంపు లేకుండా 78, 71 అనే శాతాలు సూచనలు మాత్రమే, కారణాలు కావు. సంఖ్యలూ చిన్నవే. 41 మందిలో ముగ్గురు అటో ఇటో అయితే శాతం ఏడు మారుతుంది.

వీడియో ఆటల మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. అవే 41 మందిలో హింసాత్మక ఆటల మీద ప్రత్యేక ఆసక్తి చూపింది ఎనిమిదోవంతు. ఆటలకూ ఇలాంటి హింసకూ కారణ సంబంధం అంటగట్టడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో మళ్లీ ప్రకటించింది. అవే ఆటలు ఆడే జపాన్, దక్షిణ కొరియా పిల్లల బడులు ఎలా ఉన్నాయో చూసినా సంగతి తెలుస్తుంది.

అనుకరణ మాట వేరు. 2015లో షెర్రీ టవర్స్ బృందం అంటువ్యాధుల్ని లెక్కగట్టే గణితాన్నే ఇక్కడ ఉపయోగించింది. ఒక బడి కాల్పుల ఘటన తర్వాత సగటున 13 రోజులపాటు మరొకటి జరిగే అవకాశం పెరుగుతుందని అంచనా కట్టింది. ఇది గణిత నమూనా. వార్త చూసే ఫలానావాడు ప్రేరణ పొందాడని అది రుజువు చేయదు. కానీ తర్వాత దొరికిన డైరీల్లో, వీడియోల్లో కొలంబైన్ పేరు మళ్లీ మళ్లీ కనబడింది. అవమానపడ్డ పిల్లవాడికి ముందుగానే రాసిపెట్టిన నాటకం ఒకటి అక్కడ దొరుకుతోంది. వేషం, ఆయుధం, చివరి దృశ్యం అన్నీ అందులో ఉన్నాయి. జోన్స్‌బరోలోనూ, కెంటకీ రాష్ట్రం పడూకా దగ్గర ఇలాంటి కాల్పులే జరిగిన హీత్ హైస్కూలు ఊళ్లోనూ నెలల తరబడి జనంతో మాట్లాడిన సామాజిక శాస్త్రవేత్త కేథరిన్ న్యూమన్ బృందం 2004లోనే ఈ మాట చెప్పింది. ఒంటరితనం, మనసులోని చిక్కు, ఇలాంటి నాటకపు నమూనా, పెద్దల కంటికి ఆనకపోవడం, తుపాకి అందుబాటు. ఈ అయిదూ కలిస్తేనే ప్రమాదమనీ, ఏ ఒక్కటి లేకపోయినా జరగకపోవచ్చనీ ఆమె వాదం. నేను పేర్లు రాయకపోవడానికి కారణం ఈ మూడో అంశమే. ఆ పేర్లు కావాలనుకునే కుర్రవాడికి నా వ్యాసం అక్కరకు రాకూడదు.

అయిదో అంశం దగ్గరికి వద్దాం. 2002 నివేదికలో 68 శాతం మందికి తుపాకి దొరికింది తమ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో. సీక్రెట్ సర్వీస్ 2019లో, 2008 నుంచి 2017 వరకు జరిగిన 41 దాడుల్ని మళ్లీ పరిశీలించింది. తుపాకితో జరిగినవాటిలో 76 శాతం సందర్భాల్లో అది తల్లిదండ్రుల లేదా దగ్గరి బంధువుల ఇంటినుంచే వచ్చింది. రెండు కాలాలు, రెండు పట్టికలు, ఒకే దిక్కు. కారణాల చర్చలో ఇంత నిలకడగా తిరిగి వచ్చిన అంశాలు చాలా తక్కువ.

దేశం దాటినా అదే. 2009 మార్చిలో జర్మనీలోని విన్నెండెన్‌లో 17 ఏళ్లవాడు 15 మందిని చంపాడు. తండ్రి తుపాకులన్నీ ఇనప్పెట్టెలో ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క పిస్టల్ పడకగదిలో ఉంది. తండ్రికి కోర్టు శిక్ష వేసింది. తుపాకి యజమానుల ఇళ్లకు చెప్పకుండా వెళ్లి తాళాలు తనిఖీ చేసే అధికారం జర్మనీ తెచ్చుకుంది. 2023 మే 3న సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో 13 ఏళ్లవాడు తొమ్మిదిమంది పిల్లల ప్రాణాలు, ఒక కాపలాదారు ప్రాణం తీశాడు. తుపాకులు తండ్రివి. తండ్రే వాడిని గురి నేర్చుకోవడానికి తీసుకెళ్లేవాడు. తుపాకులు పెట్టెలోనే ఉండేవనీ, దాన్ని తెరిచే అంకె వాడికి తెలుసనీ అధికారులు అప్పట్లో చెప్పారు. మన దేశంలో ఇలాంటివి బహు అరుదు. అయినా 2007 డిసెంబరులో గుర్‌గావ్‌లో 14 ఏళ్ల పిల్లలిద్దరు తోటి విద్యార్థిని కాల్చి చంపినప్పుడు, బడికి వచ్చింది వాళ్లలో ఒకడి తండ్రి పిస్టలే.

స్విట్జర్లాండ్‌కు చెందిన స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో వేసిన అంచనా ప్రకారం అమెరికా పౌరుల దగ్గర 39.3 కోట్ల తుపాకులున్నాయి, అంటే ప్రతి వందమందికి 120. భారతదేశంలో వందకు అయిదు. అమెరికాలో ఇవి ఎందుకు జరుగుతున్నాయి, ఇంకో చోట ఎందుకు అంతగా జరగవు అన్నదానికి ఈ తేడాను పక్కనపెట్టి జవాబు చెప్పడం నా దృష్టిలో అసాధ్యం. కానీ తుపాకితోనే అంతా తేలిపోదు. అమెరికాలో 1970లలో దాదాపు సగం ఇళ్లలో తుపాకి ఉండేదని సర్వేలు చెబుతున్నాయి. ఇప్పుడది మూడోవంతు దరిదాపుల్లో ఉంది. ఇళ్లు తగ్గాయి, బడి కాల్పులు పెరిగాయి. కాబట్టి తుపాకి అందుబాటు దేశానికీ దేశానికీ మధ్య తేడాను వివరిస్తుంది గానీ, 1990ల తర్వాత ఏం మారిందో అదొక్కటే చెప్పలేదు. అక్కడ న్యూమన్ చెప్పిన నాటకం, టవర్స్ చెప్పిన అంటు అవసరమవుతాయి.

మరి తాళం పనిచేస్తుందా? 2005లో జామా అనే వైద్య పత్రికలో డేవిడ్ గ్రాస్‌మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. తుపాకి ఉన్న ఇళ్లలో పిల్లలు తమను తాము కాల్చుకున్న ఘటనల్ని, ప్రమాదవశాత్తూ తూటా తగిలిన ఘటనల్ని తీసుకుని, అలాంటివి జరగని ఇళ్లతో పోల్చింది. తాళం వేసి ఉంచడం, తూటాలు తీసి ఉంచడం, తూటాలను విడిగా పెట్టడం, వాటికీ తాళం వేయడం, ప్రతి ఒక్కటీ తక్కువ ప్రమాదంతో ముడిపడి ఉంది. పిల్లలకు తుపాకి అందితే పెద్దల్ని బాధ్యుల్ని చేసే చట్టాల గురించి రాండ్ అనే పరిశోధన సంస్థ ఉన్న అధ్యయనాలన్నీ తూచింది. పిల్లల ఆత్మహత్యలు, ప్రమాద మరణాలు తగ్గుతాయనడానికి బలమైన ఆధారం ఉందని తేల్చింది. గమనించండి, ఇవి ఆత్మహత్యల గురించి, ప్రమాదాల గురించి. బడి కాల్పులు ఇంత అరుదు గనక వాటి మీద తాళం ప్రభావాన్ని విడిగా కొలవడం కష్టం. అయినా ఆ పిల్లవాడు చాలాసార్లు చావుకు సిద్ధపడ్డవాడే అన్న పీటర్‌సన్, డెన్స్‌లీల మాట సరైనదైతే, ఆత్మహత్యను ఆపే తాళం ఇక్కడా కొంత ఆపుతుందని ఊహించడం అన్యాయం కాదు. ఇది ఊహే. 2015 నాటి ఒక జాతీయ సర్వే ప్రకారం తూటాలు నింపి, తాళం వేయని తుపాకి ఉన్న ఇళ్లలో నివసిస్తున్న అమెరికా పిల్లలు సుమారు 46 లక్షలు. ఇది మాత్రం ఊహ కాదు.

తుపాకి తర్వాత అంత నిలకడైన రుజువు ఉన్నది ఇంకొకటే: ముందే ఎవరికో తెలిసి ఉండటం. 2002 అధ్యయనంలో 81 శాతం దాడుల్లో కనీసం ఒకరికి ముందు తెలుసు, చాలాసార్లు అది తోటి విద్యార్థే. 2021 నవంబరు 30న మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో ఈ రెండు దారులూ ఒకేచోట కలిశాయి. 15 ఏళ్ల పిల్లవాడు. అంతకు నాలుగు రోజుల ముందు తండ్రి పిస్టల్ కొన్నాడు. ఆ ఉదయం లెక్కల కాగితం మీద తుపాకి, రక్తం బొమ్మలు గీసి, పక్కన సాయం కావాలని రాశాడు. టీచరు చూసింది. తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాళ్లు కొడుకును ఇంటికి తీసుకెళ్లలేదు, తుపాకి కొన్న సంగతి చెప్పలేదు. బడివాళ్లు బ్యాగు తెరిచి చూడలేదు. తుపాకి అందులోనే ఉంది. గంటలు గడవకముందే నలుగురు విద్యార్థులు చనిపోయారు. 2024లో ఆ తల్లికీ తండ్రికీ విడివిడిగా విచారణ జరిగి, ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు పడింది. బడి కాల్పుల కేసులో తల్లిదండ్రులకు నరహత్య నేరం కింద శిక్షపడటం అమెరికాలో అదే మొదలు. అదే ఏడాది సెప్టెంబరులో జార్జియా రాష్ట్రం అపలాచీ హైస్కూల్లో 14 ఏళ్లవాడు నలుగుర్ని చంపాడు. అంతకు ఏడాది ముందే ఆన్‌లైన్ బెదిరింపుల మీద ఎఫ్‌బీఐకి సమాచారం అంది, స్థానిక పోలీసులు ఇంటికి వెళ్లి తండ్రీకొడుకులతో మాట్లాడి వచ్చారు. ఇంట్లో వేట తుపాకులున్నాయని తండ్రి చెప్పాడు.

తెలిసినా ఏం చేయాలో తెలియకపోవడం ఇక్కడి చిక్కు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో డ్యూయీ కార్నెల్ రూపొందించిన పద్ధతిలో టీచర్లు, కౌన్సిలరు, పోలీసు ఒకచోట కూర్చుని బెదిరింపు ఉత్తుత్తిదా, నిజంగా పథకం ఉందా, చేతికి ఆయుధం అందే వీలుందా అని విచారిస్తారు. తర్వాత పిల్లవాడిని వదిలేయకుండా వెంట ఉంటారు. వెంటనే బడినుంచి గెంటేయడం దీనికి వ్యతిరేకం. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో 17 మందిని చంపిన 19 ఏళ్లవాడిని ఆ బడి అంతకు ఏడాది ముందే పంపించేసింది. సాయుధ కాపలా మాటకొస్తే, కొలంబైన్‌లోనూ పార్క్‌లాండ్‌లోనూ కాపలా ఉంది. 1980 నుంచి 2019 వరకు 133 ఘటనల మీద 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో, సాయుధుడు ఉన్నచోట మరణాలు తక్కువగా లేవు, పైగా ఎక్కువగా ఉన్నాయి. ముప్పు ఎక్కువ ఉన్న బడులే కాపలా పెట్టుకుంటాయేమో అన్న అనుమానం తీరలేదు కాబట్టి, కాపలా వల్లే చావులు పెరిగాయని నేను అనను. కాపాడుతుందన్న ఆధారం అందులో దొరకలేదని మాత్రం అంటాను.

ఇన్ని చోట్ల ‘కావచ్చు’, ‘తేలలేదు’ అని రాయవలసి రావడానికి ఒక చరిత్ర ఉంది. 1996లో ఆర్కాన్సా ప్రతినిధి జే డికీ తెచ్చిన సవరణ వల్ల వ్యాధి నియంత్రణ కేంద్రాలు తుపాకి పరిశోధనకు దాదాపు దూరమయ్యాయి. జోన్స్‌బరో ఉన్నదీ ఆయన రాష్ట్రంలోనే. 2012లో ఆయనే, ఒకప్పుడు తాను వ్యతిరేకించిన పరిశోధకుడు మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి పత్రికలో వ్యాసం రాసి, ఈ పరిశోధన జరగాలని కోరాడు. ప్రభుత్వం మళ్లీ డబ్బు కేటాయించింది 2019 చివర్లో, 2.5 కోట్ల డాలర్లు. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా పోయాయి. ఆ కాలంలోనే శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల్లో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దలు పోయారు. అక్కడ కాల్చిన 20 ఏళ్లవాడి చేతిలో ఉన్నవి వాళ్ల అమ్మ తుపాకులు.

అమెరికాలోని ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో, అట్లాంటా శివార్లలో ఇవాళ తెలుగు పిల్లలు వేల సంఖ్యలో ఆ బడులకే వెళ్తున్నారు. తలుపు మూసి, దీపం ఆర్పి, మాట్లాడకుండా గోడవార కూర్చునే లాక్‌డౌన్ డ్రిల్లు వాళ్లకు అక్షరాలతో పాటే వస్తుంది. మనవడు ఆ సంగతి మామూలుగా చెబుతుంటే ఇండియానుంచి వెళ్లిన అమ్మమ్మకు ఏం బదులు చెప్పాలో తోచదు. స్నేహితుడి ఇంట్లో రాత్రి పడుకోవడానికి పంపేటప్పుడు మన తల్లులు మాంసం సంగతి, కుక్క సంగతి, పల్లీలు పడని సంగతి మొహమాటం లేకుండా మాట్లాడతారు. ‘మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళం వేశారా’ అని కూడా ఆ వరుసలోనే అడగమని అక్కడి పిల్లల డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. అవతలివాళ్లు ఏమనుకుంటారో అని మనవాళ్లు ఆగిపోతారు. ఆగవద్దని నా విన్నపం. బెల్‌గ్రేడ్ గురించి చదివాక నేను దానికి ఇంకో ప్రశ్న కలుపుతున్నాను: ఆ పెట్టె అంకె మీ అబ్బాయికి తెలుసా?